సర్టిఫికెట్ మారింది సరే, సర్వర్‌కి తెలిసిందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎన్నో మెషీన్లను కలిపి ప్రోగ్రాములు నడిపే కుబెర్నెటిస్ క్లస్టర్లలో, సర్వర్ ఎవరో రుజువు చేసి కనెక్షన్‌ను కాపాడే టీఎల్ఎస్ సర్టిఫికెట్ల గురించే. అందుకే మిగతావి వచ్చే సంచికకి వాయిదా వేసి శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేశాను. ఒకేలాంటి ఉత్తరాలను కలిపేశాను. పేర్లు తీసేశాను, ఎందుకంటే చాలామంది పనిలోపనిగా తమ మేనేజర్ల గురించి కూడా రాశారు.

ప్రశ్న: మేడమ్, మా కంపెనీలో సర్టిఫికెట్ల గడువులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. తేదీ దగ్గరపడగానే నేనే కొని, ఫైళ్లు డౌన్‌లోడ్ చేసి, క్లస్టర్‌లో సీక్రెట్ (కీలు, సర్టిఫికెట్లు దాచే చోటు) మార్చి, పాడ్లు (ప్రోగ్రాములు నడిచే యూనిట్లు) రీస్టార్ట్ చేస్తాను. ఆటోమేట్ చేద్దామంటే మా మేనేజర్ గారు "ఏడాదికోసారి చేసే పనికి ఇంత హంగామా దేనికి, పైగా కంట్రోల్ మన చేతిలోంచి పోతుంది" అంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలి? ఒప్పుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఏడాదికోసారి అన్న మాట ఇక చెల్లదని చెప్పండి. బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు, సర్టిఫికెట్లు జారీచేసేవాళ్లు కలిసి ఉండే సీఏ/బ్రౌజర్ ఫోరమ్ 2025 ఏప్రిల్‌లో యాపిల్ పెట్టిన ప్రతిపాదనను ఆమోదించింది. దాని ప్రకారం పబ్లిక్ సర్టిఫికెట్ గరిష్ఠ కాలం 398 రోజుల నుంచి 2026 మార్చి 15న 200 రోజులకి దిగుతుంది, 2027 మార్చి 15న 100కి, 2029 మార్చి 15న 47కి. అంటే మీ షీట్‌లోని ఒక్కో వరుసకీ ఏడాదికి కనీసం ఎనిమిది సార్లు ఇదే తతంగం. డొమైన్ మనదేనని ఒకసారి నిరూపించాక ఆ రుజువును మళ్లీ వాడుకునే వ్యవధి కూడా 2029కల్లా 10 రోజులకి పడిపోతుంది. అప్పుడు ఆ షీట్‌ను చూసుకోవడమే ఒక ఉద్యోగం అవుతుంది, ఆ ఉద్యోగం మీదే అవుతుంది.

కంట్రోల్ పోతుందన్న మాటకి రెండు సంఘటనలు గుర్తుచేయండి. 2018 డిసెంబర్ 6న ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరడంతో బ్రిటన్‌లో ఓ2 మొబైల్ నెట్‌వర్క్ డేటా సేవలు రోజంతా పడిపోయాయి. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలపాటు అందుబాటులో లేకుండా పోయిందీ ఇదే కారణంతో. అంత పెద్ద సంస్థల్లోనే తేదీ చూసుకునేవాళ్ల కన్ను తప్పింది, మన షీట్ ఏపాటిది?

ఇక పని సంగతి. క్లస్టర్‌లో సర్టిఫికెట్లు తెచ్చి, గడువుకి ముందే రెన్యూ చేసే పనికి అందరూ వాడేది సర్ట్-మేనేజర్. జెట్‌స్టాక్ అనే సంస్థ 2017లో, అంతకుముందున్న క్యూబ్-లెగోకి బదులుగా మొదలుపెట్టింది. 2020లో సీఎన్‌సీఎఫ్ (కుబెర్నెటిస్ లాంటి ప్రాజెక్టులను చూసుకునే సంస్థ) గొడుగు కిందకి వచ్చింది, 2024లో గ్రాడ్యుయేట్ అయింది, అంటే పరిపక్వమైనదనే హోదా పొందింది. కాబట్టి నిన్న మొన్నటి ప్రయోగం కాదు. క్లస్టర్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టే హెల్మ్ టూల్‌తో ఇన్‌స్టాల్ చేశాక మీరు రాయాల్సినవి ముఖ్యంగా రెండే. సర్టిఫికెట్ ఎవరి దగ్గర తేవాలో చెప్పే ఇష్యూయర్ ఒకటి (క్లస్టర్ అంతటికీ ఒకటే అయితే క్లస్టర్‌ఇష్యూయర్). ఏ పేర్లకి కావాలో, ఏ సీక్రెట్‌లో పెట్టాలో చెప్పే సర్టిఫికెట్ రిసోర్స్ రెండోది. ప్రైవేట్ కీ క్లస్టర్‌లోనే పుడుతుంది, జారీ సంస్థకి వెళ్లేది సంతకం కోసం పెట్టుకునే అభ్యర్థన మాత్రమే. ఇప్పుడు మీరు చేస్తున్నట్టు కీ ఫైలు లాప్‌టాప్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉండే బాధ తప్పుతుంది. కంట్రోల్ గురించి అడిగే మేనేజర్ గారికి ఈ ఒక్క విషయం చాలనుకుంటాను.

మొదలుపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పాత సీక్రెట్ పేరునే కొత్త సర్టిఫికెట్ రిసోర్స్‌కి ఇవ్వకండి. అందులో ఉన్నది వేరే చోట జారీ అయిందని చూసి సర్ట్-మేనేజర్ దాన్ని తిరగరాసేస్తుంది. కొత్త పేరుతో తెప్పించి, అది రెడీ అని చూపించాక, అప్పుడు ఇన్‌గ్రెస్‌లో (బయటి ట్రాఫిక్‌ను లోపలి సర్వీసులకి పంపే నియమాల్లో) సీక్రెట్ పేరు మార్చండి. వెనక్కి వెళ్లాలన్నా పాతది అలాగే ఉంటుంది. ముందే ఇన్‌గ్రెస్ మార్చేస్తే, సీక్రెట్ వచ్చేదాకా ఆ నియమాలు అమలుచేసే కంట్రోలర్ తన దగ్గరున్న డమ్మీ సర్టిఫికెట్ చూపిస్తుంది, కస్టమర్లు ఫోన్లు మొదలుపెడతారు.

ఇన్‌గ్రెస్‌కి ఒక యానొటేషన్ (అదనపు సూచన రాసే చీటీ) తగిలిస్తే సర్టిఫికెట్ దానంతట అదే తయారవుతుంది కదా అని చాలామంది అడిగారు. అవుతుంది. నాకు మాత్రం అది నచ్చదు. యానొటేషన్ పేరులో ఒక్క అక్షరం తప్పినా ఏ ఎర్రర్ రాదు, ఏమీ జరగదు, అంతే. సర్టిఫికెట్‌ని విడిగా రాసి గిట్‌లో పెడితే కనబడుతుంది, రివ్యూ జరుగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఇన్‌గ్రెస్-ఎన్‌జిన్‌ఎక్స్ అనే కంట్రోలర్ నిర్వహణ 2026 మార్చితో ముగుస్తుందని 2025 నవంబర్‌లో ప్రకటించారు, దాంతో చాలామంది ఇన్‌గ్రెస్‌కి బదులుగా వచ్చిన గేట్‌వే ఏపీఐ వైపు కదులుతున్నారు. సర్టిఫికెట్ విడిగా ఉంటే ఇన్‌గ్రెస్ తీసేసినా దానికి తగలదు. వెబ్ లింక్ ద్వారా డొమైన్ మనదేనని నిరూపించే హెచ్‌టీటీపీ-01 పద్ధతి వాడుతుంటే, ఇష్యూయర్‌లో ఆ నిరూపణ చూసుకునే సాల్వర్ భాగం మాత్రం గేట్‌వేకి తగ్గట్టు మార్చాలి.

ప్రశ్న: సర్ట్-మేనేజర్ పెట్టి చాలాకాలమైంది, అన్నీ రెడీ అనే చూపిస్తోంది. సీక్రెట్ తెరిచి చూస్తే కొత్త సర్టిఫికెట్ ఉంది. కానీ మా ఏపీఐకి కనెక్ట్ అయ్యేవాళ్లకి గడువు తీరిన పాతదే వస్తోంది. రాత్రి పడుకోబోతుంటే కాల్ వచ్చింది. రీస్టార్ట్ చేస్తే సరిపోయింది, కానీ మళ్లీ ఎప్పుడు వస్తుందో అని టెన్షన్. సర్ట్-మేనేజర్‌లో బగ్గా?

జవాబు: బగ్ కాదు. దాని పని సీక్రెట్ దగ్గరే అయిపోతుంది. ఆటోమేషన్ అయిపోయిందనుకుని టీమ్‌లు చప్పట్లు కొట్టేది సరిగ్గా అక్కడే, కొంప మునిగేదీ అక్కడే. నేను ఏ టీమ్‌తో మాట్లాడినా మొదట అడిగేది ఇదే: సీక్రెట్ మారాక మీ ప్రాసెస్‌కి ఆ సంగతి ఎవరు చెబుతారు?

సీక్రెట్ నుంచి పాడ్‌లోని ఫైలుకి చేర్చేది ప్రతి మెషీన్‌లోనూ నడిచే క్యూబ్‌లెట్. సీక్రెట్‌ను వాల్యూమ్‌గా మౌంట్ చేస్తే (పాడ్‌లో ఒక ఫోల్డర్‌లా కనబడేలా పెడితే) మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో ఫైలు మారిపోతుంది. కానీ సబ్‌పాత్ పెట్టి ఒక్క ఫైలునే మౌంట్ చేశారా, ఆ పాడ్ బతికున్నంతకాలం అది మారదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇచ్చినా అంతే. మీ డిప్లాయ్‌మెంట్ ఫైల్లో (పాడ్లు ఎలా నడవాలో రాసేది) ముందు సబ్‌పాత్ అనే మాట వెతకండి. "ఆ డైరెక్టరీలో వేరే ఫైళ్లు కూడా ఉన్నాయి, అందుకే అలా పెట్టాం" అనే జవాబు వస్తుంది. సర్టిఫికెట్‌కి వేరే డైరెక్టరీ ఇస్తే పోయేదానికి ఏళ్ల తరబడి తలనొప్పి.

ఫైలు మారినా ప్రాసెస్ దాన్ని మళ్లీ చదవాలి. చాలా ప్రోగ్రాములు స్టార్ట్ అయ్యేటప్పుడు ఒకసారి చదివి మెమరీలో పెట్టుకుంటాయి, ఆ తర్వాత ఫైలు వైపు తొంగిచూడవు. గో భాషలో మొదట్లోనే కీ జతను లోడ్ చేసి కాన్ఫిగ్‌లో పెడితే అదే జరుగుతుంది. గెట్‌సర్టిఫికెట్ అనే కాల్‌బ్యాక్ వాడితే ప్రతి హ్యాండ్‌షేక్‌కీ, అంటే కొత్త కనెక్షన్ మొదలైన ప్రతిసారీ, మీరు తాజాది ఇవ్వచ్చు. జావాలో స్ప్రింగ్ బూట్ 3.2 నుంచి ఎస్ఎస్ఎల్ బండిళ్లకి, ఫైలు మారితే రీలోడ్ చేసే సెట్టింగ్ ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 10వ వెర్షన్ నుంచి రీలోడ్ చేస్తే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు, కాకపోతే ఆ రీలోడ్ ఎవరో ఒకరు చెప్పాలి. మామూలు ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ కూడా అంతే. ఇన్‌గ్రెస్ కంట్రోలర్లకి ఈ బాధ లేదు, అవి సీక్రెట్‌ను నేరుగా కుబెర్నెటిస్ సొంత ఏపీఐ సర్వర్ దగ్గరే గమనిస్తుంటాయి. అందుకే ఇన్‌గ్రెస్ వెనకున్న వెబ్‌సైట్లు బాగానే ఉంటాయి, టీఎల్ఎస్‌ను తానే చూసుకునే మీ ఏపీఐ మాత్రం పడిపోయింది.

ఫైలును గమనించే కోడ్ సొంతంగా రాసుకునేవాళ్లకి ఒక మాట. క్యూబ్‌లెట్ పాత ఫైలు మీద కొత్తది రాయదు. కొత్త డైరెక్టరీ ఒకటి తయారుచేసి, రెండు చుక్కలతో మొదలయ్యే డేటా అనే సింబాలిక్ లింకును ఒక్కసారిగా దానివైపు తిప్పుతుంది. మీ కోడ్ ఫైలును మాత్రమే చూస్తూ కూర్చుంటే ఈ మార్పు దాని కంట పడకపోవచ్చు. డైరెక్టరీని చూడాలి. లేదా సింపుల్‌గా నిమిషానికోసారి ఫైలు చదివి పోల్చుకోండి. అందులో గొప్పతనమేమీ లేదు కానీ గురి తప్పదు, పనిచేస్తుంది.

కోడ్ ముట్టుకోలేని పరిస్థితి అయితే స్టకేటర్ వాళ్ల రీలోడర్ అనే చిన్న కంట్రోలర్ ఉంది. డిప్లాయ్‌మెంట్‌కి యానొటేషన్ పెడితే, సీక్రెట్ మారినప్పుడల్లా పాడ్లను వరుసగా రీస్టార్ట్ చేస్తుంది. రెండు మూడు రెప్లికాలు (అదే పాడ్ నకళ్లు) ఉంటే బయటివాళ్లకి తెలియదు. ఒకే రెప్లికా ఉంటే మాత్రం రెన్యువల్ జరిగిన ప్రతిసారీ చిన్న అంతరాయం వస్తుంది, అది ఏ టైమ్‌లో వస్తుందో మీ చేతిలో ఉండదు.

ఇంకో చిక్కు. సర్టిఫికెట్‌ను చూసేది కనెక్షన్ మొదలయ్యేటప్పుడే. ఇప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు గడువు తీరినా హాయిగా నడుస్తుంటాయి. తెరిచిన కనెక్షన్లనే మళ్లీ మళ్లీ వాడుకునే (కనెక్షన్ పూల్) క్లయింట్లు ఉంటే సర్టిఫికెట్ సాయంత్రం చచ్చిపోయినా గొడవ అర్ధరాత్రి బయటపడుతుంది, ఎవరో ఏదో డిప్లాయ్ చేసి కనెక్షన్లు తెగినప్పుడు. అప్పుడు అందరి వేళ్లూ ఆ డిప్లాయ్ చేసినవాడి వైపే చూపిస్తాయి. పాపం అతనికేం తెలుసు.

మళ్లీ వస్తుందేమోనని భయపడుతూ కూర్చోవడం కంటే టెస్ట్ చేయండి. టెస్ట్ క్లస్టర్‌లో సొంత సీఏ (సర్టిఫికెట్లు జారీచేసేది)తో ఒక ఇష్యూయర్ పెట్టి, మీ ఏపీఐకి గంట మాత్రమే పనిచేసే సర్టిఫికెట్ ఇవ్వండి. సర్ట్-మేనేజర్ ఒప్పుకునే కనిష్ఠ కాలం అదే. వేరేగా చెప్పకపోతే మూడింట రెండు వంతుల కాలం గడవగానే రెన్యూ చేస్తుంది, అంటే నలభయ్యో నిమిషానికి. గంట దాటాక ఓపెన్ఎస్ఎస్ఎల్ టూల్‌తో బయటి నుంచి కనెక్ట్ అయి సీరియల్ నంబర్, గడువు చూడండి. తర్వాత దాన్ని ఒక రోజంతా అలాగే వదిలేయండి, మీదో చిన్న లోడ్ టెస్ట్ నడుస్తూ ఉండనివ్వండి. ఒక రోజులో రెండు డజన్లకు పైగా రెన్యువల్స్ జరుగుతాయి. 90 రోజుల సర్టిఫికెట్‌తో ఇదే అనుభవం రావాలంటే ఏళ్లు పడుతుంది. రిలీజ్‌కి ముందు ఈ పరీక్ష పాస్ కావాలని నేను పనిచేసే చోట పట్టుబట్టాను. డెవలపర్లకి మొదట్లో నచ్చలేదు, ఇప్పుడు వాళ్లే కొత్త సర్వీసులకి పెట్టుకుంటున్నారు.

ప్రశ్న: ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ పెట్టాం. డొమైన్ మాదేనని రుజువు అడిగే చాలెంజ్ గంటల తరబడి పెండింగ్‌లోనే ఉంటోంది. సీక్రెట్, సర్టిఫికెట్ అన్నీ డిలీట్ చేసి మళ్లీ మళ్లీ అప్లై చేస్తే ఇప్పుడు రేట్ లిమిట్ అంటోంది. బయట బ్రౌజర్‌లో ఆ చాలెంజ్ లింక్ చక్కగా తెరుచుకుంటోంది కూడా!

జవాబు: డిలీట్ చేయడం ఆపండి ముందు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒకే పేర్ల సమూహానికి ఏడు రోజుల్లో 5 సర్టిఫికెట్లే ఇస్తుంది. ఒక రిజిస్టర్డ్ డొమైన్ మొత్తానికి ఏడు రోజుల్లో 50. ఒక పేరుకి ధ్రువీకరణ విఫలమయ్యే అవకాశం గంటకి 5 సార్లు. బాగున్న సీక్రెట్‌ను డిలీట్ చేసిన ప్రతిసారీ మీ కోటాలో ఒకటి ఖర్చవుతుంది. ఉన్నవాటిని రద్దు చేసుకున్నా కోటా తిరిగి రాదు. ఇష్యూయర్‌లో వాళ్ల స్టేజింగ్ (ప్రయోగాల కోసం పెట్టిన) చిరునామా పెట్టి అక్కడ ఎన్ని తంటాలైనా పడండి, అక్కడి పరిమితులు చాలా ఉదారం. సర్ట్-మేనేజర్ కూడా ఒకసారి జారీ విఫలమైతే గంట ఆగుతుంది, మళ్లీ విఫలమైతే రెండు గంటలు, అలా 32 గంటల దాకా పెంచుకుంటూ పోతుంది. కారణం సరిచేశాక కూడా అది కదలడం లేదని కంగారుపడేది అందుకే. దాని కమాండ్ టూల్‌తో సీఎంసీటీఎల్ రెన్యూ అని కొడితే వెంటనే ప్రయత్నిస్తుంది.

కారణం ఎక్కడుందో తెలియాలంటే కుబెక్టిఎల్ (క్లస్టర్‌కి ఆదేశాలిచ్చే టూల్)తో ఒక్కోదాన్నీ డిస్క్రైబ్ చేసుకుంటూ దిగండి: సర్టిఫికెట్, సర్టిఫికెట్‌రిక్వెస్ట్, ఆర్డర్, చివరికి చాలెంజ్. పైన ఉన్నవన్నీ "వెయిటింగ్" అనే అంటాయి, అసలు మాట చాలెంజ్ స్టేటస్‌లో ఉంటుంది.

బయట తెరుచుకుంటోంది అన్నారు కాబట్టి నా అనుమానం సెల్ఫ్-చెక్ మీద. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ని పిలిచే ముందు సర్ట్-మేనేజర్ క్లస్టర్ లోపలి నుంచి తానే ఆ లింక్ తెరిచి చూసుకుంటుంది. చాలా నెట్‌వర్క్‌లలో లోపలివాళ్లు తమ సొంత పబ్లిక్ ఐపీకి బయటికి వెళ్లి తిరిగి రాలేరు. అక్కడ ఆగిపోతే అసలు లెట్స్ ఎన్‌క్రిప్ట్ దాకా వెళ్లడమే ఉండదు. క్లస్టర్‌లో ఒక పాడ్ లేపి అందులోంచి కర్ల్ కమాండ్‌తో ఆ లింక్ తెరిచి చూడండి, విషయం తేలిపోతుంది. డీఎన్ఎస్‌లో రికార్డు పెట్టి నిరూపించే డీఎన్ఎస్-01 వాడేవాళ్లకి ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది: ఆఫీసు డీఎన్ఎస్ లోపల ఒక జవాబు, బయట ఇంకో జవాబు ఇస్తుంది. దానికి సర్ట్-మేనేజర్‌కి వేరే రికర్సివ్ నేమ్‌సర్వర్లు చెప్పే ఫ్లాగ్ ఉంది.

ఇంకొన్ని పాత నేరస్థులు. ఎవరూ వాడని ఐపీవీ6 రికార్డు డీఎన్ఎస్‌లో మిగిలిపోవడం (లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు ఐపీవీ6నే ప్రయత్నిస్తుంది). వేరే సంస్థ పేరు మాత్రమే ఉన్న సీఏఏ రికార్డు (మన డొమైన్‌కి ఎవరు సర్టిఫికెట్ ఇవ్వచ్చో చెప్పేది). సెక్యూరిటీ టీమ్ మూసేసిన 80వ పోర్టు. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి రీడైరెక్ట్ ఉంటే పర్వాలేదు, దాన్ని వాళ్లు అనుసరిస్తారు. పోర్టే మూసేస్తే మాత్రం హెచ్‌టీటీపీ-01 కుదరదు. "వాళ్ల ఐపీలు చెప్పండి, వాటికే తెరుస్తాం" అంటారు ఫైర్‌వాల్ వాళ్లు. ఆ జాబితా లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇవ్వదు, కావాలనే వేర్వేరు చోట్ల నుంచి చెక్ చేస్తుంది. వాళ్లతో వాదించే కంటే డీఎన్ఎస్-01కి మారడం తేలిక.

ప్రశ్న: అన్ని సబ్‌డొమైన్లకీ పనిచేసే ఒక వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకుంటే గొడవ వదులుతుంది కదా?

జవాబు: వదలదు, ఒకచోట పోగుపడుతుంది. వైల్డ్‌కార్డ్‌కి డీఎన్ఎస్-01 తప్పనిసరి. అంటే మీ డీఎన్ఎస్ మార్చగల టోకెన్ క్లస్టర్‌లో ఉండాలి, అది లీకైతే అసలుకే ఎసరు. కనీసం రుజువు పెట్టే అక్మీ-చాలెంజ్ రికార్డును సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరుకి మళ్లించే రికార్డు)తో ఒక విడి జోన్‌కి మళ్లించి, టోకెన్‌కి ఆ జోన్ మీద మాత్రమే అధికారం ఇవ్వండి. పైగా ఇన్‌గ్రెస్ తన నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో విడదీసిన భాగం)లోని సీక్రెట్‌నే చదువుతుంది కాబట్టి ఆ ఒక్క ప్రైవేట్ కీని ప్రతి నేమ్‌స్పేస్‌కీ కాపీ చేసుకుంటూ పోతారు. జారీ అయిన ప్రతి పబ్లిక్ సర్టిఫికెట్టూ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లలో, అంటే బహిరంగ చిట్టాల్లో, కనబడుతుంది, అందులోని పేర్లు అందరికీ తెలుస్తాయి. మీ లోపలి సబ్‌డొమైన్ల పేర్లు అలా బయటపడకూడదంటే వైల్డ్‌కార్డ్ న్యాయమే. అది తప్ప నాకు వేరే మంచి కారణం కనబడలేదు.

ప్రశ్న: క్లస్టర్ లోపల సర్వీసుల మధ్య కూడా టీఎల్ఎస్ పెట్టమని ఆడిట్‌లో చెప్పారు. అక్కడికి కూడా లెట్స్ ఎన్‌క్రిప్టేనా?

జవాబు: కాదు. క్లస్టర్ లోపలి పేర్లకి ఏ పబ్లిక్ సంస్థా సర్టిఫికెట్ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. రెండు వైపులా సర్టిఫికెట్ చూపించే ఎంటీఎల్ఎస్‌కి అసలే పనికిరాదు, ఎందుకంటే క్లయింట్‌గా వాడుకునే అనుమతిని తన సర్టిఫికెట్లలోంచి తీసేస్తున్నట్టు లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025లోనే చెప్పింది. మీకు కావాల్సింది సొంత సీఏ. సర్ట్-మేనేజర్‌తోనే సెల్ఫ్-సైన్డ్ రూట్ (తన మీద తానే సంతకం చేసుకునే మూల సర్టిఫికెట్) ఒకటి చేసి, దాని మీద సీఏ ఇష్యూయర్ పెట్టడం చిటికెలో పని.

చిటికెలో పని కాబట్టే భయం. ఆ రూట్ ప్రైవేట్ కీ ఒక సీక్రెట్‌లో ఉంటుంది. క్లస్టర్‌ఇష్యూయర్ అయితే అది సర్ట్-మేనేజర్ నేమ్‌స్పేస్‌లోనే ఉంటుంది. ఆ నేమ్‌స్పేస్‌లో సీక్రెట్లు చదవగలిగినవాళ్లు మీ క్లస్టర్‌లో ఏ సర్వీసు పేరుతోనైనా సర్టిఫికెట్ చేసుకోగలరు. ఆర్‌బ్యాక్ (ఎవరికి ఏ అధికారం ఉందో చెప్పే) జాబితా ఒకసారి తీసి చూడండి, ఎప్పుడో ఎవరికో డీబగ్గింగ్ కోసం ఇచ్చిన అధికారాలు కనబడతాయి. క్లస్టర్ డేటా దాచే ఎట్‌సీడీలో సీక్రెట్లు డిఫాల్ట్‌గా ఎన్‌క్రిప్ట్ అయి ఉండవు, అది విడిగా ఆన్ చేసుకోవాలి. అంత పట్టింపు ఉన్నచోట రూట్‌ను బయట, రహస్యాలు దాచే వాల్ట్ లాంటిదాంట్లో పెట్టి ఇష్యూయర్‌ను దానికి కలపండి.

రూట్ మార్చే రోజు కోసం ఇప్పుడే ఆలోచించండి. రూట్ రెన్యూ అయినంత మాత్రాన దాని కింద ఇచ్చిన సర్టిఫికెట్లు వాటంతటవే మారవు, వాటి గడువు వచ్చినప్పుడే మారతాయి. కాబట్టి కొంతకాలం రెండు రూట్ల కింద ఇచ్చినవీ కలిసి తిరుగుతాయి, అందరూ రెండింటినీ నమ్మాలి. ముందు కొత్త రూట్‌ను నమ్మకమైనవాటి జాబితాలో చేర్చి, అది అన్ని పాడ్లకీ చేరాక సంతకాలు దానికి మార్చి, చివరికి పాతది తీసేయాలి. ఆ జాబితాను అన్ని నేమ్‌స్పేస్‌లకీ పంచడానికి ట్రస్ట్-మేనేజర్ ఉంది. సర్టిఫికెట్ సీక్రెట్‌లోనే వచ్చే సీఏ ఫైలును క్లయింట్లకి నమ్మకపు మూలంగా ఇవ్వకండి. కొత్త రూట్ కింద ఆ సర్టిఫికెట్ రెన్యూ అయిన క్షణంలో అది కూడా మారిపోతుంది, ఇంకా పాత రూట్ కింద ఉన్న సర్వీసులన్నీ ఆ క్లయింట్‌కి ఒక్కసారిగా అపరిచితులైపోతాయి.

ప్రశ్న: గడువు దగ్గరపడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి మెయిల్ వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. అలర్ట్ ఎలా పెట్టుకోవాలి?

జవాబు: ఆ మెయిల్స్‌ను 2025 జూన్ 4తో ఆపేశారు. అయినా అవి జారీ రికార్డును చూసి పంపేవే తప్ప, మీ సర్వర్ నిజంగా ఏది చూపిస్తోందో వాటికి తెలియదు.

రెండు చోట్ల నుంచి చూడాలి. ఒకటి, మానిటరింగ్ టూల్ ప్రోమిథియస్‌కి ఉన్న బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్‌తో క్లస్టర్ బయటి నుంచి కనెక్ట్ అయి, క్లయింట్‌కి కనబడే సర్టిఫికెట్ గడువు తీసుకోండి. రెండు, సర్ట్-మేనేజర్ తాను తెచ్చిన ప్రతి సర్టిఫికెట్‌కీ గడువు ఎప్పుడో మెట్రిక్‌గా ఇస్తుంది. ఈ రెండు తేదీలూ వేరుగా ఉండి, గంటలు గడిచినా కలవకపోతే, పైన చెప్పిన ఏపీఐ జబ్బే: సీక్రెట్ మారింది, ప్రాసెస్ చదవలేదు. గడువుకి ఇంకా వారాలుండగానే తెలిసిపోతుంది కాబట్టి పగటిపూటే, తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

అలర్ట్‌లో "ఇన్ని రోజులే మిగిలాయి" అనే స్థిరమైన సంఖ్య మీద ఆధారపడకండి. 90 రోజుల సర్టిఫికెట్ మామూలుగా 30 రోజులుండగా రెన్యూ అవుతుంది కాబట్టి, 21 రోజులకి అలర్ట్ పెట్టుకోవడం ఇన్నాళ్లూ బాగానే పనిచేసింది. 45 రోజుల సర్టిఫికెట్ అయితే 15 రోజులుండగా గానీ రెన్యూ కాదు. పాత అలర్ట్ ప్రతి విడతలోనూ అకారణంగా మోగుతుంది, టీమ్ దాన్ని మ్యూట్ చేస్తుంది, తర్వాత నిజంగా మోగినప్పుడు ఎవరూ వినరు. రెన్యూ ఎప్పుడు చేయాలో చెప్పే మెట్రిక్ కూడా సర్ట్-మేనేజర్ దగ్గర ఉంది. ఆ సమయం దాటి ఒక రోజైనా ఇంకా రెన్యూ కాలేదంటే అలర్ట్ పంపండి. అసలు సర్ట్-మేనేజర్ మెట్రిక్సే రావడం ఆగిపోతే దానికి వేరే అలర్ట్ ఉండాలి, ఎందుకంటే ఆ పాడ్ చచ్చిపోతే మిగతా లెక్కలన్నీ మౌనంగా ఉండిపోతాయి.

ప్రశ్న: సర్ట్-మేనేజర్ ఉంది కాబట్టి క్లస్టర్ సొంత సర్టిఫికెట్ల గురించి ఆలోచించక్కర్లేదు కదా?

జవాబు: అక్కర్లేదని ఎవరన్నారు? ఏపీఐ సర్వర్, ఎట్‌సీడీ వాడే సర్టిఫికెట్లకీ సర్ట్-మేనేజర్‌కీ సంబంధమే లేదు. నిర్వహణ మొత్తం ప్రొవైడర్ చూసుకునే క్లస్టర్ అయితే ఆ పని వాళ్లదే. క్లస్టర్ కట్టే టూల్ క్యూబ్‌ఏడీఎంతో మీరే కట్టుకున్నదైతే ఆ సర్టిఫికెట్ల గడువు మామూలుగా ఒక ఏడాది, వాటి సీఏకి పదేళ్లు. క్యూబ్‌ఏడీఎం అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా అవి వాటంతట అవే రెన్యూ అవుతాయి. అందుకే క్రమం తప్పకుండా అప్‌గ్రేడ్ చేసేవాళ్లకి ఈ సమస్య ఒకటుందనే తెలియదు, "నడుస్తోందిగా, ముట్టుకోకు" అని ఏడాది దాటించేవాళ్లకి ఒకరోజు కుబెక్టిఎల్ పలకదు. క్యూబ్‌ఏడీఎం సర్ట్స్ చెక్-ఎక్స్‌పిరేషన్ అని ఈరోజే కొట్టి చూడండి. చేత్తో రెన్యూ చేయాల్సివస్తే ఆ తర్వాత కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ను నడిపే భాగం) పాడ్లను రీస్టార్ట్ చేయాలి, లేకపోతే అవీ మెమరీలోని పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. అడ్మిన్ కాన్ఫిగ్ ఫైలు కూడా కొత్తది కాపీ చేసుకోండి, మీ లాప్‌టాప్‌లో ఉన్నది పాత సర్టిఫికెట్‌తోనే ఉంటుంది.